కట్టడి పదిహేడో నాడు

గుర్వయ్య ఉప్పు మూట కోసం ఆలేరు పోయి రాకుంటే ముత్యాలగడ్డకు గత్తర వచ్చేదే కాదు. ఐలేశం ఈ మాట తొమ్మిది రోజులుగా కనపడ్డవాడికల్లా చెబుతున్నాడు. కల్లు మండువలో చెప్పాడు. ఊరి దారికి అడ్డంగా కొట్టిన కంప దగ్గర కావలి కాస్తూ చెప్పాడు. సోమన్న పెండ్లాం లక్ష్మీనర్సమ్మను పూడ్చి వచ్చి, గడపలో నిలబడి వేపాకు నములుతూ కూడా చెప్పాడు. చెప్పిన కొద్దీ అది నిజమైపోతున్నట్టే ఉండేది. ఒక్క తన ఇంట్లో తప్ప.

ఇంట్లో పెండ్లాం బక్కమ్మ ఉంది.

"ఇయ్యాల పంచాయితిల ఒట్టు అడుగుతరంట," అంది బక్కమ్మ, రెండు కుండలు చంకకెత్తుకుంటూ.

"ఎవలు జెప్పిన్రు?"

"భీమయ్య కాక ఇంట్లనే అనుకుంటాన్రు. కంప తీసుడా, ఉంచుడా తేల్చే ముందుగాల కావలి కాసినోళ్లందరు గొంగడి మీద చెయ్యేసి చెప్పాల్నంట. కట్టడి ఎవలు తప్పిన్రో."

"చెప్తె చెప్త. గుర్వయ్య తప్పిండు. నా కండ్లతోని చూసిన. తెల్లారంగ మూట నెత్తిన వెట్టుకోని కంప దాటుతాంటె పట్టింది నేనే గదా?"

"పట్టినవ్ తియ్." బక్కమ్మ గడప దాటబోయి ఆగింది. "అంతకు ముందు పొద్దుమీకి వాగు దాటి వచ్చినోన్ని ఎవలు పట్టాలె?"

ఐలేశం దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. ఎదురుగా దండెం మీద గొంగడి ఆరేసి ఉంది. ఎప్పుడో ఆరిపోయింది. అయినా దాన్ని భుజాన వేసుకోవడానికి పదకొండు రోజులుగా వాడికి చేయి రావడం లేదు. చలికి బట్టపేలిక కప్పుకుని తిరుగుతున్నాడు. కురుమోడు గొంగడి లేకుండా తిరుగుతున్నాడేందిరా అని ఊళ్లో నవ్వారు కూడా.

"గట్ల గొడ్డు తీరుగ చూడకు," అంది బక్కమ్మ. "నీ పొట్టేలు బతికింది. సోమన్న పెండ్లాం సచ్చింది. గా లెక్క నాకు తెలుసు, నీకు తెలుసు."

"నోరు ముయ్యే! గోడకవుతల మనుషులున్నరు."

"ఉన్నరు. చెలిమె నీళ్లు తాగుతాన్రు."

మాట అనేసి ఆమె వెళ్లిపోయింది. వాగు ఇసుకలో తోడిన చెలిమె పక్కనే ఉన్నా పోదు. ఊరి ఆ కొసన దిగుడుబావికి పోతుంది. పోను అరకోసు, రాను అరకోసు.

జరిగింది ఇంతే. వాగవతల ఎల్లగుంటలో గత్తర తగిలి మనుషులు వాంతులు, విరేచనాలతో పొద్దున పడి పొద్దుగూకేసరికి పోతున్నారని తెలిసిన రోజే ముత్యాలగడ్డ తనను తాను కట్టేసుకుంది. రెండు దారులకూ తుమ్మకంప కొట్టారు. ఇరవయ్యొక్క రోజులు లోపలివాడు బయటికి పోవద్దు, బయటివాడు లోపలికి రావద్దు. కట్టడి తప్పినవాడు, సంఘం దొర నుంచి గుంజి పంచిన భూమి విడవాలి; అది పట్టిచ్చినవాడికి పోతుంది. అందరూ ఒప్పుకున్నారు. ఆరో నాడు ఊరి పొలిమేర చుట్టూ బలి నెత్తురు కలిపిన పొలి అన్నం చల్లాలని ఊరిపెద్ద భీమయ్య చెప్పాడు. గావుబలికి పొట్టేలు కురుమల వంతు. ఈసారి ఐలేశం ఇంటి వంతు. ఒంటి మీద తెల్ల మచ్చ ఉండొద్దు. కట్టడి వేళ పొలిమేర దాటి ఉండొద్దు. పసుపునీళ్లు చల్లితే ఒళ్లు విదిలించాలి, అప్పుడే ఊరి తల్లి ఒప్పుకున్నట్టు.

అటువంటిది ఐలేశం మందలో ఒక్కటే ఉంది. విత్తనపు పొట్టేలు. నలభై రెండు గొర్రెలకు అదే మొగుడు. దాని మెడ నిమిరితే వాడికి కడుపు నిండేది. దాన్ని కొయ్యబుద్ధి కాలేదు. వాగవతల బామ్మర్ది కురుమయ్య మందలో నల్లది మరొకటి ఉందని తెలుసు. అయిదో నాటి పొద్దుగూకే వేళ వాగు దిగి ఎల్లగుంట పోయాడు. కురుమయ్య ఇంట్లో పసిపోరడు సోలిపోయి ఉన్నాడు. మేనల్లుడు కదా, ఒళ్లోకి తీసుకున్నాడు. పోరడు గొంగడి మీదనే కక్కుకున్నాడు, కింద కూడా పోయింది. పొట్టేలును తోలుకుని తిరిగి వస్తూ, మసక చీకట్లో, ఊరు తాగే చెలిమె దగ్గరే గొంగడి జాడించాడు. పొట్టేలును కడిగాడు. పోయేటప్పుడు ఉన్న బుద్ధి వచ్చేటప్పుడు లేదు.

మర్నాడు తెల్లారి గుర్వయ్య దొరికాడు. దొరికినవాడు దొరికాడు కదా అని ఐలేశం లేపిన గొంతు ఇంకా దిగలేదు.

ఎనిమిదో నాడు లక్ష్మీనర్సమ్మ. ఆ వెనుక మరో ఇద్దరు.

ఆ తర్వాత ఐలేశం రెండుసార్లు ఎవరూ చూడకుండా పోయి చెలిమెను ఇసుకతో పూడ్చాడు. రెండుసార్లూ జనం పక్కనే మళ్లీ తోడుకున్నారు. చెలిమెకేం, జానెడు ఇసుక తీస్తే నీరు.

* * *

పంచాయితి ఆలేరు దారి కంప దగ్గర. ఐలేశం గొంగడిని కర్ర మీద వేసుకుని, ఒంటికి తగలకుండా మోసుకుంటూ బయల్దేరాడు. వాగు మలుపులో సోమన్న ఎదురొచ్చాడు. భుజం మీద కుండ. ఆడవాళ్లలా చంకలో పెట్టుకోవడం చేతకాక భుజాన ఎత్తుకున్నాడు, అంగీ సగం తడిసింది. సంఘంలో తిరిగిన మనిషి. తుపాకి మోశాడు, దొర గడీ ముందు నిలబడి భూములు కొలిచి పంచాడు. కుండ మోయడం మాత్రం రాలేదు.

"పంచాయితికేనా మామా?" అన్నాడు సోమన్న. కులం వేరైనా వరుస కలుపుకున్న పిలుపు.

"అవు. నువ్వు?"

"ఈ నీళ్లు ఇంట్ల వెట్టి వస్త. లీలకు పొద్దటి సంది దూప తగ్గుతలేదు."

లీల వాడి బిడ్డ. నాలుగేండ్లది. ఐలేశం కుండ వంక చూశాడు.

"దిగుడుబావి నీళ్లు... గవి మంచిగుంటయి గద?"

"అంత దూరం పిల్లను ఇడిసిపెట్టి ఎట్ల పోను మామా? ఇవి మంచిగలెవ్వా? ఇసుకల ఊరిన నీళ్లు. కొబ్బరినీళ్ల తీరుగున్నయి." కుండ దించి చూపించాడు. నీళ్లలో ఆకాశం స్పష్టంగా కనిపించింది. "ఎవరో రెండుమాట్ల పూడ్చిపెట్టిన్రు. పోరగాండ్ల పని. మళ్ల నేనే తోడిన."

చెప్పు, అంది లోపల ఏదో. కుండ తన్ను, పగలగొట్టు, జారిపడ్డట్టు పడు. ఏదైనా చెయ్యి.

"మీ ఇంటిని తల్లి సల్లగ చూసింది మామా," అన్నాడు సోమన్న. ఎత్తిపొడుపు కాదు, మనసారా అన్నాడు. "గట్లనే ఉండాలె. నీ చేత్తోని ఇచ్చిన పొట్టేలు గదా గావుకు."

ఐలేశం తల ఊపాడు. సోమన్న కుండ ఎత్తుకుని పోయాడు. దారి పొడుగునా చుక్కలు పడ్డాయి. ఆ చుక్కలు తొక్కకుండా పక్కకు జరిగి నడిచాడు ఐలేశం.

* * *

కంప లోపల ఊరంతా కూర్చుంది. కంప బయట, పది బారల దూరాన, గుర్వయ్యా వాడి పెండ్లాం బాలనర్సమ్మా నిలబడ్డారు. పదకొండు రోజులుగా పిల్లలతో సహా వాళ్లది చేనులోని మంచె కింది గుడిసె. నిప్పు ఇచ్చేవాడు లేడు, నీళ్లు ఇచ్చేవాడు లేడు. వెనక బండీ, రెండెడ్లూ. గుర్వయ్య గడ్డం మాసి, కండ్లు గుంటలు పడి, పదేండ్లు పెద్దవాడిలా ఉన్నాడు.

భీమయ్య మొదలుపెట్టాడు. "కట్టడికి ఇయ్యాల పదిహేడో నాడు. ఆఖరు సావు అయి ఆరు దినాలు. తీద్దామంటున్నరు కొందరు. ఎవల మాట వాళ్లు చెప్పున్రి. ఒకలు మాట్లాడుతాంటె ఇంకొకలు మాట్లాడొద్దు."

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"వాగవతల నా జొన్న కంకులు వంగినయి. పిట్టలు తింటానయి. ఇంకో నాలుగు దినాలైతె మాకు సొప్పనే."

"సొప్ప తిని బతుకొచ్చు. గత్తరతోని బతుకుతవా?"

"ఉప్పు లేక పదకొండు దినాలాయె! చప్పటి కూడు తిని నాలుక మొద్దుబారింది. ముసలిదాన్ని, గత్తర రాకున్న చప్పదనంతోనే చస్త."

కంప అవతల నుంచి గుర్వయ్య అరిచాడు: "గా ఉప్పు తెస్తెనే గదా నన్ను ఎల్లగొట్టిన్రు! మూటెడు ఉప్పు గుంటల పారపోసిన్రు. ఉప్పుకు గత్తర తగుల్తదారా?"

కొందరు నవ్వారు. నవ్వి, తప్పు చేసినట్టు నోళ్లు మూసుకున్నారు.

"గొర్రెల సంగతి జెప్పు ఐలేశం," అన్నాడు భీమయ్య. "నువ్వే గదా అందరికంటె ఎక్కువ తీయాలంటున్నది."

నిజమే. మొదటి నుంచీ గట్టిగా అన్నది వాడే. పొలిమేర లోపల గడ్డి వేరుతో సహా అయిపోయింది. మంద ఎండుటాకులకు ఎగబడుతోంది. రోజుకు ఒకటో రెండో కాళ్లు చాపుతున్నాయి. విత్తనపు పొట్టేలు మాత్రం బాగుంది. దానికి బక్కమ్మకు తెలియకుండా ఇంట్లోని జొన్నలు పెడుతున్నాడు.

"గొర్రెలు... సస్తనయి కాకా," అన్నాడు.

అప్పుడే సోమన్న వచ్చి కూర్చున్నాడు. కూర్చోకముందే మాట అందుకున్నాడనాలి.

"ఇరవయ్యొక్క దినాలన్నం. ఇరవయ్యొక్క దినాలే. మన నోటితోని మనమే పెట్టుకున్న కట్టడి. నాలుగు దినాలు ఆగలేమా? నా ఇంటిది సచ్చింది. ఇంకొకల ఇంట్ల దీపం ఆరొద్దనే అంటున్న."

పెండ్లాం చచ్చినవాడి మాటకు ఎదురు చెప్పడం కష్టం. గుర్వయ్యకు మాత్రం ఆ కష్టం లేదు.

"సోమన్నా, నిన్నొకటి అడుగుత, కోపం జేసుకోకు. నీకు గత్తర భయమా, మిల్ట్రీ భయమా?"

జనం కలవరపడ్డారు. రజాకార్లను అణిచిన యూనియన్ మిలటరీ ఇప్పుడు సంఘం వాళ్ల కోసం ఊళ్లు గాలిస్తోంది. రామన్నపేటలో దిగి ఉంది. కంప చూసి, గత్తర మాట విని, ముత్యాలగడ్డలో అడుగుపెట్టలేదు. పట్నం పారిపోయిన దొర కూడా తిరిగొచ్చాడు. పంచిన భూములు అప్పగించమని వాడి మనిషి రెండుసార్లు కంప దాకా వచ్చి ముక్కుకు రుమాలు కట్టుకుని వెనక్కి పోయాడు. కంప తీస్తే మొదట లోపలికి వచ్చేది ఉప్పు కాదు, వాళ్లు. అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. గుర్వయ్య అనేశాడు.

సోమన్న కోపపడలేదు. "రెండూ ఉన్నయి గుర్వన్నా," అన్నాడు మెల్లగా. "మిల్ట్రీ వస్తే నన్ను ఒక్కన్నే కొంటవోతది. గత్తర గట్ల లెక్క జూడది."

బాలనర్సమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత చెంగు తీసి ఐలేశం వైపు చూసింది.

"ఐలేశమన్నా! నా మొగడు ఉప్పుకు పోయిండు. దొంగతనానికి పోలే. పట్టిచ్చినవ్ మంచిదే. గని లక్ష్మీనర్సమ్మను మేమే సంపినమని ఊరంత జెప్పినవ్. మా గుడిసెల ఒక్కలకు కాలే గత్తర. నా పిల్లలకు కాలే. మేం తేకుంటె ఏడికెల్లి వచ్చింది? జర సోచాయించు."

ఆలోచించే పని ఐలేశానికి లేదు. అదే వాడి బాధ.

భీమయ్య చేయెత్తాడు. "ఆగున్రి. నా మాట ఇనున్రి. గత్తర ఏ దారిల వచ్చిందో తేలితె సగం గొడవ తేలుతది. ఆలేరు దారిల గుర్వయ్యతోనే వచ్చిందనుకో. గా దారి కంప గట్లనే ఉంచుదాం. వాగు దారి తీద్దాం. జొన్న కోసుకుందురు, గొర్రెలు మేస్తయి. దొర మనిషి రాడు, మిల్ట్రీ రాదు. వాగు దిక్కు ఎవలు దాటలేదని కావలి కాసినోళ్లు ఒట్టేస్తె సాలు. ఏమంటవ్ సోమన్నా?"

"వాగు దిక్కు ఎవలు దాటలేదని ఐలేశం మామ ఒట్టేస్తె నేను ఒప్పుకుంట. రెండు దిక్కుల కావలి కాసిండు. మామ అబద్దమాడడు."

"ఒట్టయినంక, పట్టినోనివి నువ్వు గన్క, కట్టడి ప్రకారం గుర్వయ్య భూమి నీకు వస్తది. బావి కింది నాలుగెకరాలు," అన్నాడు భీమయ్య ఐలేశంతో.

ఆ నాలుగెకరాల నల్లరేగడే ఐలేశం కండ్లలో ఏడాదిగా గుచ్చుకున్న ముల్లు. పంపకంలో గుర్వయ్యకు బావి కింది భూమి, తనకు రాళ్ల చెల్క. ఆ నాడు గుర్వయ్య ముందు నిలబడ్డాడు, తను గొర్రెల వెంట పోయి ఆలస్యంగా వచ్చాడు. అంతే తేడా. ఆ కచ్చతోనే కదా ఆ తెల్లారి అంత గట్టిగా అరిచింది. ఇప్పుడు ఆ భూమి తనకు వస్తోంది. సంతోషం కలగాలి. కలగలేదు.

"గొంగడి పరువు ఐలేశం," అన్నాడు భీమయ్య.

పరిచాడు. కర్ర మీద నుంచి జారి మట్టిలో చతికిలబడింది. పదకొండు రోజుల తర్వాత దాన్ని ముట్టుకోవలసి వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని కుడిచేయి ఆనించాడు. ఉన్ని గరుకుగా తగిలింది. కురుమయ్య కొడుకు తల ఎక్కడ ఆనిందో ఆ చోటే తగిలిందనిపించింది. ఆ పోరడు ఉన్నాడో పోయాడో కూడా ఇంతవరకు తెలియదు. అడిగే దారి లేదు.

"నా వెంట అను," అన్నాడు భీమయ్య. "బీరప్ప సాక్షిగ..."

"బీరప్ప సాక్షిగ..."

"వాగు దిక్కు పొలిమేర..."

"వాగు దిక్కు పొలిమేర..."

అప్పుడు బక్కమ్మ వచ్చింది. కుండలు లేవు. పరుగున వచ్చిందేమో, ముడి ఊడిపోయింది. ఒట్టు వంక చూడలేదు, మొగుడి వంక చూడలేదు.

"సోమన్నా, లే. నీళ్లు తెచ్చుకుంట మీ ఇంటి ముంగట్నుంచి వస్తాంటె పిల్ల ఏడుపు ఇనవడ్డది. లోపటికి పోయిన. రెండుసార్లు పోయింది. బియ్యం కడుగునీళ్ల తీరు. ఒక్కసారి కక్కింది."

సోమన్న లేచాడు. లేచినవాడు అడుగు వేయలేకపోయాడు. "దూపంటాంది పొద్దటి సంది... అక్కా, జర నువ్వు ముందు పో, కుండల నీళ్లున్నయి, తాగిపియ్యి, నేను..."

"తాగియ్యకు!"

ఐలేశం అరిచాడు. చేయి ఇంకా గొంగడి మీదనే ఉంది.

"గా నీళ్లు తాగియ్యకు. చెలిమె నీళ్లు. తాగియ్యకు బక్కీ."

కంప మీద ఎండుటాకు కదిలింది కూడా వినిపించింది.

"నేను దిగుడుబావియే పోసిన," అంది బక్కమ్మ.

సోమన్న మొగుడూ పెండ్లాల వంక మార్చి మార్చి చూశాడు. "ఎందుకు మామా?" అన్నాడు.

ఐలేశానికి అబద్ధాలు వెతికే ఓపిక లేకపోయింది. చెప్పేశాడు. వాగు, ఎల్లగుంట, పోరడు, గొంగడి. వరస లేదు. ముందుది వెనక, వెనకది ముందు. మధ్యలో రెండుసార్లు "పొట్టేలును కొయ్యబుద్ధి కాలే" అన్నాడు. అది ఒక కారణమే కానట్టు వినిపించింది, అన్నవాడికే.

భీమయ్య ముఖం పాలిపోయింది. "పరాయి పొలిమేర పొట్టేలుతోని గావు పట్టిచ్చినవా? తల్లిని మోసం జేసినవారా! గందుకే గదరా పొలి ఆగలే!"

"తల్లిది తర్వాత," అన్నాడు సోమన్న. "మా ఇంటిది గా చెలిమె నీళ్లు తాగింది. ఇయ్యాల నేను కుండ మోస్తాంటె ఎదురొచ్చినవ్ మామా. నీళ్లు చూపిచ్చిన నీకు."

సోమన్న ఇంకా తడిగానే ఉన్న అంగీ భుజాన్ని తడుముకున్నాడు.

"ఒక్క మాట అనకపోతివి."

ఆ తర్వాత సోమన్న ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటికి ఉరికాడు. వచ్చేటప్పుడు పిల్ల భుజం మీద ఉంది, తల వేలాడుతోంది. నేరుగా కంప దగ్గరికి వచ్చి వట్టి చేత్తో తుమ్మకొమ్మ లాగాడు. ముల్లు దిగి నెత్తురు కారింది. ఇరవయ్యొక్క రోజులని పట్టుబట్టినవాడే కట్టడి తెంపుతుంటే ఆపడానికి ఎవరికీ నోరు రాలేదు.

"ఏడికి?" అన్నాడు భీమయ్య.

"రామన్నపేట. సూదిమందు డాక్టరున్నడంట."

"మిల్ట్రీ కూడ ఉన్నది రా! ఊరు దాటంగనే పట్టుకుంటరు. పిల్లను మధ్యదారిల ఎవలు చూస్తరు?"

ఐలేశం లేచాడు. "నాకియ్యి సోమన్నా. నేను ఉరికిస్త. నన్నెవడు పట్టడు."

సోమన్న పిల్లను రెండో భుజానికి మార్చుకున్నాడు, ఐలేశానికి దూరంగా ఉన్న భుజానికి.

బయట ఎడ్ల గంటలు మోగాయి. గుర్వయ్య బండి కట్టేశాడు. ఎప్పుడు కట్టాడో ఎవరూ చూడలేదు. కంప దాకా తోలుకొచ్చి, అడుగు దూరంలో ఆపాడు. ఇన్నాళ్లూ పది బారల అవతల నిలబెట్టిన మనిషి.

"పిల్లనియ్యి," అన్నాడు. "నన్ను ఎట్లాగు ఎల్లగొట్టిన్రు, నాకేం కట్టడి? బాలీ, బండెక్కు, పిల్లను ఒళ్లె పండవెట్టుకో. సోమన్నా, నువ్వు రాకు. పొద్దుగూకేలోగ దవాఖానల ఉంటది నీ బిడ్డ."

సోమన్న నిలబడ్డాడు. సంఘం తరఫున తన నోటితోనే కదా ఈ కుటుంబాన్ని ఊరు వెళ్లగొట్టింది. కంప సందులోంచి పిల్లను చాపాడు. బాలనర్సమ్మ అందుకుని కొంగులో చుట్టింది. సోమన్న ఇంటి నుంచి ముంచుకొచ్చిన దిగుడుబావి నీళ్లు బక్కమ్మ ముంతలో అందించింది.

గుర్వయ్య పగ్గం పట్టి ఒక్కసారి ఐలేశం వంక చూశాడు. తిడతాడని ఎదురుచూశాడు ఐలేశం. తిడితే బాగుండు. గుర్వయ్య ఎడ్లను అదిలించాడు, అంతే.

బండి తాటిచెట్ల మలుపు తిరిగింది. సోమన్న అప్పటిదాకా ఉన్నాడు. తర్వాత కంప దాటాడు. బండి వెనకే నడవసాగాడు, ఎవరు పిలిచినా తిరగలేదు.

"వాడు దొరికిపోతడు," అన్నాడొకడు.

"ఎవల పుణ్యమది?" అంది ఉప్పు లేక ఏడ్చిన ముసలమ్మ.

కంపలో మనిషి పట్టేంత సందు అలాగే ఉండిపోయింది. మూయాలని కొందరు, ఇంకేం మూస్తరని కొందరు. ఎవరూ లేచి ముట్టుకోలేదు. కురచ చేతికర్ర పట్టుకున్న ఇద్దరు మాత్రం చెలిమె వైపు పోయారు, దాని మీద కంప వేయడానికి.

భీమయ్య పై కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "కట్టడి అందరికి ఒక్కటే ఐలేశం. సంఘం రాసిచ్చిన నీ చెల్క కాయితం తెప్పియ్యి."

బక్కమ్మ ఇంటికి పోయి తెచ్చింది. భీమయ్య చేతికి ఇచ్చింది. భీమయ్యకు చదువు రాదు. కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చుట్టూ చూశాడు. రాసినవాడూ చదివేవాడూ సోమన్నే. సోమన్న దారిలో ఉన్నాడు.

"నువ్వే సదువు," అన్నాడు చివరికి. "నాలుగు అక్షరాలు నీకే వస్తయి."

రెండో తరగతిలో బడి మాని గొర్రెల వెంట పోయిన నాటి నుంచీ ఐలేశం పదిమందిలో ఏదీ చదవలేదు. కాగితం వెలుగుకు పట్టుకుని, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాడు. జనం వింటున్నారు.

"కురుమ ఐలేశం... తండ్రి మల్లయ్య... తిప్పలగడ్డ చెల్క... రెండెకరాల... పదిహేడు గుంటలు."